ప్లేటో కంటే ముందు మిటిలీనీ

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. ఎంఏ పొలిటికల్ సైన్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ప్రాచీన గ్రీకు రాజనీతి ఒక పేపర్‌గా ఉంది. గైడు చదివితే మార్కులు వస్తున్నాయి కానీ మనసుకు ఏమీ ఎక్కడం లేదు. ప్లేటో పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చుకున్నా, ఆ ఇంగ్లీషు చూసి టెన్షన్ వచ్చి మూసేశాను. హాస్టల్లో నా ఫ్రెండ్ ఒకటే మాట అంటుంది: బానిసల్ని పెట్టుకుని, ఆడవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టిన వాళ్ల దగ్గర మనం ప్రజాస్వామ్యం నేర్చుకోవాలా అని. తనకు ఏం చెప్పాలో తెలియడం లేదు. నాన్నేమో ఇదంతా దేనికి, గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్లు అంటున్నారు. నాకు మాత్రం ఈ విషయం మీదే డిసర్టేషన్ చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ కాలానికి ఇది నిజంగా పనికొస్తుందా?
(పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం: అమ్మా, నీ ఫ్రెండ్ అడిగిన ప్రశ్న చాలా గట్టిది. దాన్ని దాటేసి ఈ పేపర్ చదవడం కుదరదు, దానికి తప్పకుండా వస్తాను. ముందు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. ఈ పేపర్ చాలామందికి చప్పగా ఉండటానికి కారణం మొదలుపెట్టే చోటులోనే ఉందని నా నమ్మకం.

మన సిలబస్ ప్లేటోతో మొదలవుతుంది. న్యాయ భావన, తత్వవేత్త రాజు, ఆస్తి సామ్యవాదం, ప్లేటోపై విమర్శ. హెడ్డింగులన్నీ వరుసగా ఉంటాయి. ఆ మనిషి ఏం చూసి అంత భయపడ్డాడో, ఎవరి మీద కోపంతో రాశాడో మాత్రం ఎక్కడా ఉండదు. అందుకే నీకు ఎక్కడం లేదు. ప్లేటోను ఒక నెల పక్కన పెట్టు. థుసిడిడీస్ రాసిన యుద్ధ చరిత్ర తీసుకో. మొత్తం చదవక్కర్లేదు, మూడో భాగంలో 36 నుంచి 50 వరకు ఉన్న పేరాలు చాలు.

అది క్రీ.పూ. 427. ఏథెన్స్‌కూ స్పార్టాకూ యుద్ధం మొదలై నాలుగేళ్లయింది. ఏథెన్స్‌లో ప్లేగు వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు, నగరాన్ని నడిపించిన నాయకుడు పెరిక్లీస్ కూడా పోయాడు. ఆ సమయంలో లెస్బోస్ దీవిలో ఉన్న మిత్రనగరం మిటిలీనీ తిరగబడింది. ఏథెన్స్ సైన్యం దాన్ని లొంగదీసింది. తర్వాత ఏం చేయాలో తేల్చాల్సింది రాజూ కాదు, మంత్రులూ కాదు. ఓటు హక్కున్న పౌరులే సభ కూడి, వాదించుకుని, చేతులెత్తి తేల్చాలి. ఆ రోజు సభ కోపంతో ఊగిపోయింది. మిటిలీనీలో వయసొచ్చిన మగవాళ్లందర్నీ చంపాలి, ఆడవాళ్లనూ పిల్లల్నీ బానిసలు చేయాలి అని తీర్మానం చేసింది. ఆ ఉత్తర్వుతో అదే రోజు ఓడ బయలుదేరింది.

తెల్లారేసరికి చాలామందికి మనసు మారింది. తిరగబడిన వాళ్లను శిక్షించడం వేరు, ఊరు ఊరంతా నరకడం వేరు కదా అనిపించింది. మళ్లీ సభ పెట్టారు.

మొదట క్లియోన్ లేచాడు. నిన్నటి తీర్మానం అతనిదే. అతని వాదన జాగ్రత్తగా చదువు, ఎందుకంటే అందులో చాలా వాక్యాలు నీకు ఇప్పటికే తెలిసినట్టు అనిపిస్తాయి. ప్రజాస్వామ్యం సామ్రాజ్యాన్ని ఏలలేదంటాడు. తెలివైనవాళ్లు చట్టాల్ని మించిపోవాలని చూస్తారు, వాళ్ల కంటే సామాన్యులే రాజ్యాన్ని బాగా నడుపుతారంటాడు. మీరు నిర్ణయాలు చేయడానికి రావడం లేదు, ప్రసంగాల పోటీ చూడ్డానికి వస్తున్నారని సభను తిడతాడు. జాలిపడితే రేపు అందరూ తిరగబడతారని బెదిరిస్తాడు. ఇంకో మాట కూడా అంటాడు: ఇప్పుడు అటువైపు మాట్లాడేవాడు ఎవడైనా లంచం తీసుకునైనా ఉండాలి, లేదా తన మాటకారితనం చూపించుకోవాలనైనా అనుకుని ఉండాలి.

తర్వాత డయోడోటస్ లేచాడు. ఈ ఒక్క ప్రసంగం తప్ప అతని గురించి చరిత్రలో ఇంకేమీ లేదు. నాకు ఆ మనిషంటే చాలా గౌరవం. తొందర, కోపం, ఈ రెండూ మంచి ఆలోచనకు శత్రువులని మొదలుపెట్టాడు. ఎదుటివాడి మాటకు జవాబు చెప్పకుండా వాడు అమ్ముడుపోయాడని ముద్ర వేస్తే, నష్టపోయేది నగరమే, భయపడి సలహా చెప్పేవాళ్లు నోరు మూసుకుంటారు అన్నాడు. ఆ తర్వాత మరణశిక్ష గురించి మాట్లాడాడు. నేరాలు పెరిగే కొద్దీ శిక్షలు పెంచుకుంటూ వచ్చాం, చివరికి చావు దాకా వచ్చాం, అయినా నేరం ఆగిందా అని అడిగాడు. ఆశా, పేదరికమూ, అహంకారమూ మనుషుల్ని తోస్తుంటే ఉరి భయం ఆపలేదన్నాడు. మిటిలీనీ సామాన్య జనం ఏథెన్స్‌కు శత్రువులు కారు, వాళ్లను కూడా చంపితే రేపు ఏ ఊళ్లోనూ సామాన్యులు మన పక్షాన నిలబడరు అన్నాడు. గమనించు, జాలి చూపమని అతను ఒక్కసారి కూడా అడగలేదు. అతను మాట్లాడిందంతా ఏథెన్స్ లాభం గురించే. కోపంతో ఉన్న సభకు జాలి చెబితే వినదని అతనికి తెలుసా, లేక నిజంగానే లాభం తప్ప ఏమీ పట్టదా? దీని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నువ్వూ నీ ఫ్రెండూ ఒక సాయంత్రం వాదించుకోండి.

చేతులు దాదాపు సమానంగా లేచాయి. కొద్దిపాటి తేడాతో డయోడోటస్ నెగ్గాడు. వెంటనే రెండో ఓడ వెళ్లింది. మొదటిది అప్పటికే ఒక పగలూ రాత్రీ ముందుంది. రెండో ఓడవాళ్లు తెడ్లు వేస్తూనే ద్రాక్షసారాయి, నూనె కలిపిన బార్లీ పిండి తిన్నారు, వంతులవారీగా నిద్రపోయారు. మొదటి ఓడవాళ్లు తాము చేయబోయే పనికి మనసొప్పక నెమ్మదిగా వెళ్తున్నారట. అక్కడి సేనాని ఉత్తర్వు చదివి అమలుచేయబోతుండగా రెండో ఓడ రేవుకు చేరింది.

ఇది సుఖాంతం అనుకోకు. తిరుగుబాటుకు ముఖ్యులుగా లెక్కించిన వాళ్లను, వెయ్యి మందికి పైనే అని థుసిడిడీస్ రాశాడు, క్లియోన్ ప్రతిపాదన మీద అదే సభ చంపించింది. వాళ్ల భూములు పంచుకుంది. పదకొండేళ్ల తర్వాత, క్రీ.పూ. 416లో, మీలోస్ అనే చిన్న దీవి విషయంలో మగవాళ్లందర్నీ చంపి మిగిలినవాళ్లను బానిసలు చేసింది. ఈసారి రెండో ఓడ లేదు. ఆ సంభాషణ అయిదో భాగం చివర్లో ఉంది. బలవంతులు చేయగలిగింది చేస్తారు, బలహీనులు భరించాల్సింది భరిస్తారు అని ఏథెన్స్ దూతలు మొహమాటం లేకుండా చెప్పే చోటు అది. అంతర్జాతీయ సంబంధాల పేపర్లో రియలిజం, అంటే దేశాల మధ్య బలమే ముఖ్యమనే వాదం, దగ్గర ఆ వాక్యం నీకు మళ్లీ కనిపిస్తుంది. అక్కడ దాన్ని ఒక సిద్ధాంతంలా చెబుతారు. ఇక్కడ చదివితే, ఆ మాట అన్న నగరం మరుసటి ఏడాదే సిసిలీ మీదికి ఓడలు పంపి, రెండేళ్లలో ఆ సైన్యాన్నంతా పోగొట్టుకుందని కూడా తెలుస్తుంది.

ఈ కాలానికి పనికొస్తుందా అని అడిగావు. ఏదైనా ఘోరం జరిగిన వారం మన ఊళ్లలో, మన ఫోన్లలో ఎలాంటి మాటలు తిరుగుతాయో గుర్తు తెచ్చుకో. విచారణ ఎందుకు, ఎన్‌కౌంటర్ చేసేయండి అంటారు. ఆగండి, ఆలోచిద్దాం అన్నవాడిని నువ్వు ఎవరి మనిషివి అని అడుగుతారు. మిటిలీనీ చర్చ చదివిన పిల్ల ఆ వారం కొంచెం వేరుగా ఉంటుందని నేను నిజంగా నమ్ముతాను.

ఇప్పుడు ప్లేటో దగ్గరికి రావచ్చు. క్రీ.పూ. 406లో అర్గినూసె దీవుల దగ్గర ఏథెన్స్ నౌకాదళం గెలిచింది కానీ తుఫాను వల్ల మునిగిపోతున్న తన మనుషుల్ని కాపాడలేకపోయింది. ఆ కోపంలో సభ సేనాపతులందరికీ కలిపి ఒకే ఓటు పెట్టింది. ఒక్కొక్కరినీ విడిగా విచారించాలన్న పద్ధతిని తోసేసింది. జనం కోరింది జనం చేయకూడదా అని అరుపులు వినపడ్డాయని చరిత్రకారుడు జెనోఫోన్ రాశాడు. ఏథెన్స్‌లో ఉన్న ఆరుగురినీ చంపేశారు, తర్వాత పశ్చాత్తాపపడ్డారు. ఆ రోజు సభ నడిపే బృందంలో ఉండి, ఇది చట్టవిరుద్ధం, నేను ఒప్పుకోను అన్నవాడు ప్లేటో గురువు సోక్రటీస్. ఏడేళ్ల తర్వాత అదే నగరం న్యాయస్థానంలో సోక్రటీస్‌కే మరణశిక్ష వేసింది. అప్పటికి ప్లేటోకు ముప్పై కూడా నిండలేదు. మధ్యలో క్రీ.పూ. 404లో ముప్పై మంది సంపన్నులు అధికారం చేజిక్కించుకుని వందల మందిని చంపారు. వాళ్ల నాయకుడు క్రిటియాస్ ప్లేటో తల్లికి దగ్గరి బంధువు. అంటే ప్లేటో జనం పాలననూ చూశాడు, తన సొంత వర్గం పాలననూ చూశాడు. రెండూ అతనికి రోత పుట్టించాయి. ఇది తెలిశాక 'రిపబ్లిక్' ఎనిమిదో భాగం చదువు. జనానికి రక్షకుడినంటూ వచ్చినవాడు, నాకు ప్రాణభయం ఉంది, అంగరక్షకులు కావాలని అడిగి, చివరికి నియంత ఎలా అవుతాడో చెప్పిన పేజీలవి. అతను చెప్పిన మందు నాకు ఒక్క శాతం కూడా నచ్చదు. జబ్బును మాత్రం దగ్గర నుంచి చూసి రాశాడు.

ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్ వేరే రకం మనిషి. ఉత్తరాన స్టాగిరా నుంచి వచ్చి ఏథెన్స్‌లో ఉన్న పరదేశి. అక్కడ అతనికి ఓటు లేదు. అతనూ శిష్యులూ కలిసి 158 నగరాల పాలనా పద్ధతుల వివరాలు పోగుచేశారు. 'పాలిటిక్స్' మూడో భాగం పదకొండో అధ్యాయం తప్పకుండా చూడు. ఒక్కడి ఖర్చుతో చేసిన విందు కంటే తలా ఒకటి తెచ్చిన విందు బాగుండవచ్చు, అలాగే విడివిడిగా గొప్పవాళ్లు కాని మనుషులు కలిసి కూర్చుంటే గొప్పవాళ్ల కంటే మంచి నిర్ణయం చేయవచ్చు అంటాడు. ప్లేటోకు శిష్యుడి జవాబు అది. అయిదో భాగం పదకొండో అధ్యాయంలో నియంతలు అధికారం ఎలా నిలబెట్టుకుంటారో జాబితా ఇచ్చాడు. సంఘాలు పెట్టుకోనివ్వకపోవడం, స్నేహితుల మధ్య అనుమానాలు పెట్టడం, గూఢచారుల్ని తిప్పడం, జనాన్ని పేదరికంలోనే ఉంచి రోజు గడవడంతోనే సరిపోయేలా చేయడం. పెన్సిల్ పట్టుకుని చదివే అధ్యాయం.

ఇంకొకటి కూడా అతని దగ్గర నేర్చుకోవాలి. పదవులకు ఎన్నిక పెట్టడం కొద్దిమంది పాలనకు గుర్తు, లాటరీ తీయడం ప్రజాస్వామ్యానికి గుర్తు అని అప్పటి అభిప్రాయం. ఏథెన్స్‌లో 500 మంది సభ్యుల మండలిని ఏటా లాటరీతోనే ఎంచేవారు, జీవితంలో రెండుసార్లకు మించి ఎవరూ ఉండకూడదు. ఎన్నిక అంటే డబ్బూ పేరూ ఉన్నవాడే గెలుస్తాడని వాళ్ల లెక్క. సర్పంచి ఎన్నికకు ఎంత ఖర్చవుతుందో చూసిన పల్లె పిల్లవి, నీకు ఇది వివరించక్కర్లేదు. ఇది పాతబడిన ఆలోచన కూడా కాదు. ఐర్లండ్‌లో 2016లో 99 మంది మామూలు పౌరుల్ని లాటరీ పద్ధతిలో ఎంచి సభగా కూర్చోబెట్టారు. గర్భస్రావ చట్టం మార్చాలని వాళ్లు సిఫారసు చేస్తే, 2018 రెఫరెండంలో 66.4 శాతం మంది ఒప్పుకున్నారు.

నీ ఫ్రెండ్ ప్రశ్నకు వస్తాను. తను అన్నది అక్షరాలా నిజం. సభలో కూర్చున్నది పౌరులైన మగవాళ్లు మాత్రమే. ఆడవాళ్లకూ, తరాలుగా అక్కడే ఉన్న పరదేశులకూ, బానిసలకూ చోటు లేదు. స్పార్టా మీద పోరాడిన నౌకాదళం వెనక లారియోన్ వెండి గనుల డబ్బుంది, ఆ గనుల్లో చచ్చేదాకా తవ్వింది బానిసలు. కొందరు పుట్టుకతోనే బానిసలని అరిస్టాటిల్ 'పాలిటిక్స్' మొదటి భాగంలో వాదించాడు. ఆ కాలం అలాంటిది అని సర్దిచెప్పొద్దు. సర్దిచెప్పడం తప్పు కూడా, ఎందుకంటే బానిసత్వం ప్రకృతికి విరుద్ధం, అది కేవలం బలప్రయోగం అనేవాళ్లు ఉన్నారని అరిస్టాటిలే అదే భాగంలో రాశాడు. ఆల్కిడమాస్ అనే వక్త, దేవుడు అందర్నీ స్వేచ్ఛగానే వదిలాడు, ప్రకృతి ఎవర్నీ బానిసను చేయలేదు అన్నాడు. అంటే తెలియక చేసింది కాదు. వాదన వినపడుతూనే ఉంది, వినదలచుకోలేదు. ఆడవాళ్ల విషయంలో ప్లేటో 'రిపబ్లిక్' అయిదో భాగంలో, పాలించే శక్తి ఆడవాళ్లకూ ఉంటుంది, చదువు కూడా మగవాళ్లతో సమానంగా ఇవ్వాలి అని వాదించాడు. శిష్యుడు దాన్ని ఒప్పుకోలేదు. వాళ్లలో వాళ్లకే ఇన్ని తగాదాలుంటే, మనం వాళ్లను గురువులుగా పూజించాల్సిన పనే లేదు. వాళ్లతో తగవులాడటానికే చదువుతున్నాం.

ఆ తగవు ఎలా పెట్టుకోవాలో తెలియాలంటే అంబేడ్కర్‌ను పక్కన పెట్టుకో. 1936లో వచ్చిన 'కుల నిర్మూలన'లో ఆయన ప్లేటో మూడు వర్గాల విభజనను చాతుర్వర్ణ్యంతో కలిపి విమర్శించారు. మనుషుల్ని నాలుగైదు గదుల్లో కుక్కేసే ఎవరి ఆలోచనైనా, మనిషి మనిషికీ ఉన్న తేడాను చూడలేకపోతుందన్నారు. అదే అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ గ్రీసు చరిత్ర రాసిన ఇంగ్లండ్ చరిత్రకారుడు గ్రోట్ మాటల్ని చదివి వినిపించారు. ఏథెన్స్ ప్రజాస్వామ్యానికి పునాది వేసిన క్లీస్థనీస్ సంస్కరణల గురించి రాస్తూ గ్రోట్ వాడిన మాట రాజ్యాంగ నైతికత. అది పుట్టుకతో వచ్చేది కాదు, అలవరచుకోవాలి, మన జనం ఇంకా నేర్చుకోవాల్సే ఉంది అన్నారు అంబేడ్కర్. 2018లో స్వలింగ సంబంధాలు నేరం కాదన్న 377 సెక్షన్ తీర్పులో సుప్రీంకోర్టు ఆ మాట మీద కూడా ఆధారపడింది. ఏథెన్స్ నుంచి మన రాజ్యాంగ సభకు నేరుగా వచ్చిన దారి ఇది. నీ ఫ్రెండ్‌కు ఆ రెండు అంబేడ్కర్ పాఠాలూ ఇచ్చి చదవమను. గ్రీకుల్ని ఏం తీసుకోవాలో, ఎక్కడ ఎదిరించాలో తేల్చుకున్న ఒక మనిషిని తను అక్కడ చూస్తుంది.

ఇంగ్లీషు విషయం. నువ్వు తెచ్చుకున్నది బహుశా జోవెట్ అనువాదం అయి ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దపు వాక్యాలవి, ఉచితంగా దొరుకుతుంది కాబట్టి అన్ని లైబ్రరీల్లో అదే ఉంటుంది. థుసిడిడీస్‌కు రెక్స్ వార్నర్, 'రిపబ్లిక్'కు డెస్మండ్ లీ లేదా రాబిన్ వాటర్‌ఫీల్డ్ అనువాదాలు అడుగు, చాలా తేలిక. మంచి అనువాదాల మార్జిన్లో 565 లాంటి అంకె, పక్కన ఒక అక్షరం ఉంటాయి. ప్లేటోకు అవి 1578లో అచ్చయిన ప్రతి పేజీ నంబర్లు. అరిస్టాటిల్‌కు 1831 బెర్లిన్ ప్రతివి. ఏ అనువాదమైనా, ఏ భాషైనా ఆ అంకె మారదు. ఒక అనువాదంలో వాక్యం అర్థం కాకపోతే అదే అంకె దగ్గర ఇంకొకటి తెరిచి చూడు. నోట్స్‌లో కూడా పేజీ కాకుండా ఆ అంకే రాసుకో. చదివిన ప్రతి వాదాన్నీ తెలుగులో అయిదు వాక్యాల్లో రాయి. తెలుగులో రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదని లెక్క.

నాన్నగారితో గొడవ వద్దు. ఆయన ఆందోళన న్యాయమైనదే, ఎంఏ పొలిటికల్ సైన్స్‌తో ఉద్యోగాలు తక్కువ. సివిల్స్ ఆప్షనల్ మొదటి పేపర్లో ప్లేటో, అరిస్టాటిల్ ఉన్నారు, యూజీసీ నెట్ సిలబస్‌లోనూ ఉన్నారు అని చూపించు. కోచింగ్ ఏడాది తర్వాత కూడా దొరుకుతుంది, ఎంఏ మాత్రం ముందు పూర్తిచేయి.

ఇక డిసర్టేషన్. "ప్లేటో న్యాయ భావన, ఒక పరిశీలన" లాంటిది దయచేసి వద్దు. నువ్వు తప్ప ఇంకెవరూ అంత బాగా చేయలేని టాపిక్ ఒకటి చెబుతాను.

అరిస్టాటిల్ పేరుమీద ఉన్న 'ఏథెన్స్ రాజ్యాంగం' చాలా శతాబ్దాలు పోయిందనే అనుకున్నారు. ఈజిప్టులో దొరికిన పపైరస్ చుట్టల మీద, పొలం జమాఖర్చులు రాసిన కాగితాల వెనకవైపు అది బయటపడింది. 1891లో అచ్చయింది. దాంట్లో 48, 54 అధ్యాయాలు చదువు. ఏథెన్స్‌లో పదవి దిగే ప్రతి అధికారీ లెక్కలు చెప్పాలి. లాటరీలో వచ్చిన తనిఖీదారులు వాటిని చూసి న్యాయస్థానం ముందు పెడతారు. ఆ తర్వాత మూడు రోజులపాటు సంతవేళ ఫిర్యాదులు తీసుకునే ఒకాయన తన తెగ మూలపురుషుడి విగ్రహం దగ్గర కూర్చుంటాడు. ఏ పౌరుడైనా సున్నం పూసిన పలక మీద తన పేరు, అధికారి పేరు, అతను చేసిన తప్పు, ఎంత జరిమానా వేయాలో రాసి ఇవ్వచ్చు.

మన దగ్గర 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు పనుల సామాజిక తనిఖీ అధికారం ఇచ్చింది. దాన్ని పెద్ద ఎత్తున మొదట అమలుచేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే, 2006 నుంచి. మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, నువ్వు ఇన్ని రోజులు పనిచేశావా, ఇంత డబ్బు అందిందా అని అడిగారు. మండల కేంద్రంలో అందరి ముందూ బహిరంగ విచారణ పెట్టారు. స్వాహా అయినట్టు తేలిన సొమ్ములో వసూలైంది కొంత భాగమే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టు. మీ మండలంలో ఆ తనిఖీల్లో పనిచేసినవాళ్లు, విచారణలో లేచి మాట్లాడిన కూలీలు ఇంకా ఉన్నారు. వాళ్లను కలువు. ఫీల్డ్ అసిస్టెంట్ ఎదురుగా ఉండగా మాట్లాడటానికి భయం వేసిందా? పేరు రాసి ఇవ్వాల్సి వస్తే ఇచ్చేవారా? ఆడవాళ్లు మాట్లాడారా, లేక వాళ్ల తరఫున మగవాళ్లా? ఏథెన్స్‌లో పలక మీద రాయగలిగింది ఎవరు, రాయలేకపోయింది ఎవరు అన్న ప్రశ్న కూడా అప్పుడు దానంతటదే వస్తుంది. ఒక అధ్యాయం ఏథెన్స్ మీద, రెండు అధ్యాయాలు మీ మండలం మీద ఉండేలా చూసుకో. సెలవుల్లో ఊరికి వెళ్లేలోపు ఆ 48, 54 అధ్యాయాలు పూర్తిచేసి, అడగాల్సిన ప్రశ్నలు తెలుగులో రాసి పంపు. చూసి పంపిస్తాను.